అయిదు రూపాయల భోజనం: బెజవాడ అన్న క్యాంటీన్‌లో పన్నెండు రోజులు తిన్నాక

మా అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. బెజవాడ తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం, పన్నెండు రోజులు నేనొక్కడినే తోడున్నాను. మొదటిరోజు ఆస్పత్రి ఎదురుగా ఉన్న హోటల్లో ప్లేటు భోజనం నూట ముప్పై అయింది. మందుల బిల్లు చేతిలో ఉన్నప్పుడు ఆ నూట ముప్పై కూడా బరువే. పక్క బెడ్డు ముసలాయన కొడుకు "అన్నా, క్యాంటీన్‌కి పోదాం రండి, అయిదు రూపాయలే, బాగుంటది" అని వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. అది ప్రభుత్వం నడిపే అన్న క్యాంటీన్. అప్పట్నుంచి ఆదివారం తప్పిస్తే నా మధ్యాహ్నం భోజనం అక్కడే.

ముందు తిండి సంగతి. పన్నెండున్నరకి మొదలవుతుంది గానీ పన్నెండుకే లైను కడతారు. అయిదు రూపాయలిచ్చి టోకెన్ తీసుకోవాలి, ఆ టోకెన్‌తో ప్లేటు. అన్నం, ఒక కూర, పప్పు గానీ సాంబారు గానీ, పెరుగు, పచ్చడి. నిలబడి తినే ఎత్తు బల్లలు. అన్నం మెత్తగా, వేడిగా ఉంది, సాంబారులో ముక్కలు కనబడ్డాయి, నూనె తక్కువ, కారం కూడా మన గుంటూరోళ్ళకి కాస్త తక్కువే. ఆస్పత్రిలో నిద్రలేక కడుపు మండుతున్నవాడికి అదే హాయి. రెండో పూట ఆకలి వేసేదాకా నిలబడే భోజనం అది, చిరుతిండి లెక్కలోది కాదు.

తినేవాళ్ళని చూడాలి అసలు. ఒకావిడ స్కానింగు కవరు చంకలో ఇరికించుకుని, అది జారకుండా మోచెయ్యి బిగించి, ఒక్క చేత్తోనే కలుపుకుని తింటోంది. వన్‌టౌన్‌లో మూటలు మోసే ఒక పెద్దాయన రోజూ కలిసేవాడు, తలగుడ్డ విప్పి మూతి తుడుచుకుని, ఆఖర్న పెరుగన్నం ముద్దని వేళ్ళతో నొక్కి నొక్కి, గింజ మిగలకుండా తినేవాడు. నాలుగో రోజో అయిదో రోజో మాటలు కలిశాయి. "బాబాయ్, రోజూ ఇక్కడేనా?" అన్నాను. "ఇంకెక్కడ తింటాం బాబూ, వచ్చేదాంట్లో వంద తిండికే పోతే ఇంటికేం పంపుతాం. మళ్ళా గవర్నమెంటు మారితే దీనికి తాళమేస్తారేమోనని, అదే" అన్నాడు.

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఎందుకంటే ఆయన ఊహించుకుని భయపడట్లేదు, చూసిందే చెప్తున్నాడు. 2016లో వెలగపూడి సచివాలయం దగ్గర మొదటి క్యాంటీన్ పెట్టారు. 2018 జులై 11న ఒకేసారి అరవై తెరిచారు, తర్వాత ఇంకా పెరిగాయి. 2019లో ప్రభుత్వం మారింది, ఆగస్టు వచ్చేసరికి అన్నీ మూత. కట్టడాల ఖర్చులో అవకతవకలున్నాయని, జనం రాని చోట కట్టారని అప్పటి ప్రభుత్వం చెప్పింది. అవకతవకలుంటే విచారణ చెయ్యాల్సిందే, చోటు బాగాలేకపోతే మార్చాల్సిందే, కానీ ఆ పేరుతో పొయ్యి ఆర్పేస్తే ఎవరికి శిక్ష పడినట్టు? మళ్ళీ 2024లో ప్రభుత్వం మారాక ఆగస్టు 15న గుడివాడలో మొదలుపెట్టి, వరసగా రెండు వందలు దాటించారు. అంటే ఆ బాబాయ్‌కి మధ్యలో అయిదేళ్ళు ఈ ప్లేటు లేదు.

ఒక పార్టీనే అంటున్నానని అనుకోవద్దు. పాత ప్రభుత్వం 2021లో ఇంటింటికీ రేషను ఇస్తామని తొమ్మిది వేల పైచిలుకు బళ్ళు తెచ్చింది, కొత్త ప్రభుత్వం 2025 జూన్ 1 నుంచి వాటిని ఆపేసి మళ్ళీ డీలరు షాపులకే రమ్మంది, ముసలివాళ్ళకి, దివ్యాంగులకి మాత్రం ఇంటికి ఇస్తోంది. వాటిలోనూ లోపాలున్నాయన్నారు, ఉండొచ్చు. కానీ మన దగ్గర అలవాటు ఎలా తయారయిందంటే, ఎదుటివాళ్ళ పథకంలో లోపం కనబడితే దాన్ని బాగుచేద్దామన్న ఆలోచనే రాదు, ముందు పేరు, తర్వాత రంగు, ఆ తర్వాత మనుషులు, చివరికి పథకమే పోతుంది. పంచాయతీ ఆఫీసులకి పార్టీ రంగులేస్తే తీయించడానికి 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చిన రాష్ట్రం మనది.

పక్కనే తమిళనాడు ఉంది. జయలలిత 2013లో అమ్మ ఉణవగం, అంటే అమ్మ క్యాంటీన్, పెట్టారు, రూపాయికి ఇడ్లీ. మన అన్న క్యాంటీన్‌కి ఒకరకంగా అదే దారి చూపింది. 2021లో డీఎంకే గెలవగానే ఆ పార్టీవాళ్ళే కొందరు చెన్నైలో ఒక క్యాంటీన్ మీద పడి బోర్డులు పీకేశారు. స్టాలిన్ వాళ్ళని పార్టీలోంచి తీసేయించి, బోర్డులు తిరిగి పెట్టించారు, క్యాంటీన్లు నడిచాయి. అక్కడ రెండు పార్టీలకీ ఉన్న పగ మన దగ్గరకంటే తక్కువేం కాదు. హైదరాబాద్‌లో అయితే 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనం అన్నపూర్ణ పేరుతో ఏళ్ళ తరబడి నడిచింది, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చారు గానీ భోజనం ఆపలేదు, పైగా టిఫిను కలిపారు. అన్నపూర్ణ అనేది ఏ నాయకుడి పేరూ కాదు కాబట్టే అన్నాళ్ళు ఎవరికీ కంటికి గుచ్చుకోలేదని నా నమ్మకం. మన "అన్న" అంటే అన్నమూ వస్తుంది, ఎన్టీఆరూ వస్తారు, ఎదుటి పార్టీకి రెండోదే కనబడుతుంది.

ఇంకో విషయం కూడా ఆలోచించాను, రాత్రి వార్డులో నిద్రపట్టక. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే, దాన్ని పూర్తిగా తీసెయ్యడానికి తర్వాత వచ్చిన ఎవరికీ ధైర్యం చాలలేదు. మధ్యలో ధర పెరిగింది, 2008లో రాజశేఖరరెడ్డి మళ్ళీ రెండు రూపాయలకి తెచ్చారు, 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి రూపాయికి దించారు. తెల్లకార్డు ఊరూరా ఉంది, తీసేస్తే ఓటు పోతుంది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చాక అది హక్కే అయింది. ఉద్యోగుల సంగతీ అంతే, పీఆర్సీ, అంటే జీతాల సవరణ మీద 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడ అంటే ఈ ఊరి రోడ్లన్నీ నిండిపోయాయి, రెండు మూడు రోజుల్లోనే మంత్రుల కమిటీ కూర్చుని ఇంటద్దె అలవెన్సు శాతాలు సవరించింది, సమ్మె ఆగింది. సంఘం ఉంది కాబట్టి వినబడింది. మరి క్యాంటీన్ లైనులో ఉన్నది ఎవరు? ఇవాళ హమాలీ, రేపు పరీక్షకొచ్చిన పిల్లాడు, ఎల్లుండి నాలాగా ఆస్పత్రికొచ్చినవాడు. వారానికే విడిపోయేవాళ్ళం, మాకు సంఘం ఎక్కడిది, మా తరఫున వినతిపత్రం ఎవరిస్తారు? అందుకే మూసెయ్యడం అంత సులువైంది. మనిషికి మూడు పూటలకీ కలిపి ఖర్చు తొంభై రూపాయలైతే మనమిచ్చేది పదిహేను, మిగతా డెబ్భై అయిదు ప్రభుత్వం పెట్టుకుంటోంది. ఆ డెబ్భై అయిదుకి ఒక చట్టం అండ ఉంటే ఎవరొచ్చినా పేరు మార్చుకుంటారేమో గానీ పొయ్యి ఆర్పలేరు. దాతలు పుట్టినరోజులకీ పెళ్ళిరోజులకీ విరాళాలిస్తున్నారు, మంచిదే, కానీ చట్టం చేసే పని విరాళం చెయ్యదు.

రేటింగు అయిదుకి నాలుగు. భోజనానికి, శుభ్రానికి, వడ్డించేవాళ్ళ ఓపికకి అయిదూ ఇచ్చేద్దును. వడ్డించే అమ్మాయి ఒకరోజు మా బాబాయ్ ప్లేటు చూసి, ఆయన అడక్కుండానే ఇంకాస్త సాంబారు పోసింది, "తిను తాతా, మెల్లగా" అని. రేపటికి గ్యారంటీ లేదు కాబట్టి ఒకటి తగ్గించాను. చట్టం వచ్చిన రోజు మళ్ళీ వచ్చి మార్చేస్తా.

మీరు వెళ్ళేటట్టయితే, పొద్దున టిఫిను ఏడున్నర నుంచి పది, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు, రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది. ఆదివారం ఉండదు, ఆస్పత్రివాళ్ళు ఆ రోజుకి వేరే ఏర్పాటు చూసుకోండి. చిల్లర తీసుకెళ్ళండి. ఒంటిగంట లోపు వెళ్తే కూర వేడిగా దొరుకుతుంది.