రికార్డింగ్ నేర్చుకోవడానికి ఏది మేలు: స్టూడియోనా, సొంత కంప్యూటరా?

సంగీతాన్ని రికార్డ్ చేయడం, ఎడిట్ చేయడం నేర్చుకోదలచిన విద్యార్థి స్టూడియోలో ఒక ఇంజనీరు దగ్గర సహాయకుడిగా చేరవచ్చు, లేదా కంప్యూటరు, ఒక మైకు, ఆ మైకును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ సమకూర్చుకుని ఇంట్లోనే సాధన చేయవచ్చు. ఈ రెండింటిలో ఏది మేలన్నది, ముందుగా ఏ పని నేర్చుకోవాలనుకుంటున్నారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది.

ఎడిటింగ్‌కు ఇల్లే మేలు. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. రెండు టేకులను అతికినప్పుడు కోత పడిన చోట ‘టప్’మనే శబ్దం ఎందుకు వస్తుందో, తరంగం సున్నా గీతను దాటే చోట కోసినా, కొన్ని మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక టేకు తగ్గుతుండగా రెండోది పెరిగేలా కలపడం) ఇచ్చినా అది ఎలా పోతుందో పదేపదే చేసి చూస్తే తప్ప పట్టుబడదు. గంటల లెక్కన అద్దె నడిచే స్టూడియోలో విద్యార్థికి అంత తీరిక దొరకడం కష్టం.

రికార్డింగ్ సంగతి వేరు. ధ్వని ఒక మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అందువల్ల ఒకే గొంతు ముందు రెండు మైకులు పెట్టి, ఒకటి మరొకదానికన్నా మీటరు వెనక ఉంచి, రెండింటినీ సమాన స్థాయిలో కలిపితే, సుమారు 170 హెర్ట్జ్ దగ్గర తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గొంతు పలచబడుతుంది. పుస్తకంలో చదివితే ఇది లెక్కగానే మిగులుతుంది. ఇంజనీరు మైకును కాస్త జరపగానే గొంతు మళ్లీ నిండుగా మారడం విన్న చెవి మాత్రం దాన్ని మరచిపోదు. అంతకన్నా ముఖ్యం, గాయకులతో మెలగడం. హెడ్‌ఫోన్లలో తన గొంతు మరీ గట్టిగా వినిపిస్తే గాయని తెలియకుండానే గొంతు తగ్గించి పాడుతుంది, తాళం సరిగా వినిపించకపోతే లయ జారుతుంది. లోపం ఆమె పాటలో కాదు, మనం హెడ్‌ఫోన్లకు పంపిన మిక్స్‌లో ఉందని గుర్తించడం ఒంటరి సాధనలో రాదు.

కేబుళ్లు చుట్టడంతోనే నెలలు గడిచిపోయే స్టూడియోలూ ఉన్నాయి కనుక, ఖాళీ వేళల్లో మిక్సింగ్ బోర్డు ముందు కూర్చోనిస్తారా అని చేరేముందే అడగాలి. డిప్లొమా కోర్సు విషయంలోనూ చూడవలసింది స్టూడియో గంటలనే.

ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నా మొగ్గు స్టూడియో వైపే, ఎందుకంటే గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే మోతాదు) మితిమీరి క్లిప్ అయిన, అంటే తరంగాల కొసలు తెగి శబ్దం వికృతమైన టేకును ఎంత నేర్పుగా ఎడిట్ చేసినా పూర్తిగా బాగుచేయలేము. వీలైతే, కళాకారుల అనుమతితో అక్కడి ట్రాకుల ప్రతిని తెచ్చుకుని ఇంట్లో ఎడిట్ చేయడం అన్నిటికన్నా ఉత్తమం.