పదేళ్లుగా చదువుతున్న కొరియా యుద్ధం కామిక్స్

అమెరికన్ కార్టూనిస్ట్ హార్వీ కర్ట్జ్‌మన్ యుద్ధ కామిక్ కథల సంపుటం ఒకటి పదేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అద్దె పుస్తకాల షాపులో బ్రిటిష్ యుద్ధ కామిక్స్ తెచ్చుకుని చదివిన వయసు నాది. ఇవీ అలాంటివేలే, ఒక ఆదివారంతో అయిపోతాయనుకున్నాను. అట్ట ఊడింది, టేపు వేశాను, ఇంకా చదువుతున్నాను.

ఇవి ఈసీ కామిక్స్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ వాళ్ల ‘టూ-ఫిస్టెడ్ టేల్స్’, ‘ఫ్రంట్‌లైన్ కాంబాట్’ అనే కామిక్ పత్రికల్లో వచ్చినవి. అవతల కొరియాలో యుద్ధం జరుగుతుండగానే అమెరికా పిల్లలు పది సెంట్లు పెట్టి కొనుక్కున్న కథలు.

1952 నాటి ‘కార్ప్స్ ఆన్ ది ఇమ్జిన్’ (ఇమ్జిన్ కొరియాలో ఒక నది) నన్ను వదల్లేదు. ఏటి ఒడ్డున తింటూ కూర్చున్న అమెరికన్ సైనికుడు నీళ్లలో పోతున్న శవాన్ని చూస్తాడు. ఇప్పుడంతా దూరం నుంచి పేల్చే ఆయుధాలే, చేతులతో చంపుకునే రోజులు పోయాయి అనుకుంటాడు. అంతలోనే ఉత్తర కొరియా సైనికుడు మీద పడతాడు. చివరికి మనవాడు (అనేశాను గానీ, ఈ కథలో ఆ మాట చెల్లదు) అవతలివాడి తలను నీళ్లలో ముంచి పట్టుకుంటాడు. ఆ ముంచడాన్ని కర్ట్జ్‌మన్ ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ సాగదీస్తాడు. మొదటిసారి గబగబా పేజీ తిప్పేశాను. ఇప్పుడు ఆ బొమ్మల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసినా కర్ట్జ్‌మన్‌ని విదేశాలకు పంపలేదు. పోరు చూడనివాడు ఇంత గీశాడు!

‘ఎయిర్ బర్స్ట్’ పూర్తిగా చైనా సైనికుల వైపు నుంచి నడుస్తుంది. ‘బిగ్ ఇఫ్’లో ఒకడు రాక్షస ముఖాల కొయ్యబొమ్మల ముందు కూర్చుని ‘అలా చేసి ఉంటే, ఇలా చేసి ఉంటే’ అనుకుంటూనే ఉంటాడు. వాడికి ఏమైందో చివర్లో గానీ తెలియదు. మళ్లీ చదివినప్పుడు అసలు మొదటి ఫ్రేమే చూడలేం.

లోపాలున్నాయి. బొమ్మలో కనిపించిందే పైన డబ్బాలో మళ్లీ చెబుతారు, వాక్యానికో ఆశ్చర్యార్థకం. ఆడవాళ్లు దాదాపు లేనట్టే. నా ప్రతి నలుపు తెలుపుది. గీతల బలం బాగా తెలుస్తుంది గానీ మొదట అచ్చయినప్పుడు మేరీ సెవెరిన్ అనే ఆవిడ వేసిన రంగులు పోయాయి, అదే నాకు పెద్ద లోటు.

1959లో వచ్చిన సార్జెంట్ రాక్ (అదే పేరున్న అమెరికన్ సైనికుడు హీరోగా నడిచే యుద్ధ కామిక్స్) కూడా చదివాను. జో క్యూబర్ట్ బొమ్మలు అద్భుతం. కానీ రాక్ చచ్చిపోడని ముందే తెలుసు, అక్కడే భయం పోతుంది.

కొనేవాళ్లకు ఒక్క మాట: వరసగా చదివితే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. రాత్రికి ఒక్క కథ చాలు.