స్కిప్ బటన్ జోలికి పోకుండా వినే రాక్ ఆల్బమ్‌లు, నా వరసలో

ముందే చెప్పేస్తున్నా, ఇది చరిత్రలో గొప్ప ఆల్బమ్‌ల లిస్టు కాదు. నేను చూసేది ఒక్కటే, మొదటి పాట పెట్టాక ఆఖరిదాకా నా వేలు స్కిప్ బటన్ మీదికి వెళ్లిందా లేదా. ఈ లెక్కతో చూస్తే పెద్ద పెద్ద పేర్లు ఎగిరిపోతాయి. నిర్వానా ‘నెవర్‌మైండ్’ లేదు, నాలుగైదు పాటలయ్యాక నా వేలు ఊరుకోదు. తిట్టేవాళ్లు తిట్టుకోండి.

ఆరోది మెటాలికా ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ (1988). ఇందులో బేస్ గిటార్ దాదాపు వినపడదు, ఫ్యాన్స్ ఇన్నేళ్లుగా దాని మీద మొత్తుకుంటూనే ఉన్నారు. 1986లో బస్సు ప్రమాదంలో బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ పోయాక వచ్చిన జేసన్ న్యూస్టెడ్‌కి ఆ బ్యాండ్‌లో ఇదే మొదటి పూర్తి ఆల్బమ్, పాపం ఆయన వాయించినదంతా మిక్సింగ్‌లోనే మింగేశారు. కానీ ఎముకల్లా ఎండిపోయిన ఆ సౌండే ఈ పాటలకి సరిపోయిందని నాకనిపిస్తుంది. బేస్ పెంచి ఫ్యాన్స్ చేసుకున్న వెర్షన్లు విన్నాను, రెండోసారి వినబుద్ధి కాలేదు.

ఐదోది జాయ్ డివిజన్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ (1979). నల్లటి అట్ట మీద కొండల్లాంటి తెల్ల గీతలు, అవి ఒక పల్సర్ (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు వదిలే నక్షత్రం) నుంచి వచ్చిన రేడియో తరంగాల గ్రాఫ్. ఆ బొమ్మున్న టీషర్ట్ వేసుకున్నవాళ్లలో సగం మంది ఈ ఆల్బమ్ వినుండరని నా అనుమానం. వింటే మాత్రం రాత్రి పూట, ఒంటరిగా వినండి, మనసు బాగోలేని రోజు మాత్రం వద్దు.

నాలుగు, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ ‘రూమర్స్’ (1977). బ్యాండ్‌లో రెండు జంటలు విడిపోతున్నాయి, మూడోవైపు డ్రమ్మర్ కాపురం కూడా కూలుతోంది, అయినా రోజూ అందరూ ఒకే స్టూడియోకి రావాలి. లిండ్సే బకింగ్‌హామ్ తను విడిపోతున్న స్టీవీ నిక్స్‌ని ఉద్దేశించి ‘గో యువర్ ఓన్ వే’ రాస్తే, అందులో వెనక గొంతు కలిపింది ఆవిడే. క్రిస్టీన్ మెక్‌వీ తన కొత్త ప్రేమ మీద రాసుకున్న పాటకి బేస్ వాయించింది ఆమె భర్త జాన్. ఇంత టెన్షన్‌లో ఇంత తియ్యటి ట్యూన్లు ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూడో స్థానంలో మోసం చేస్తున్నాను. 1971లో వచ్చిన లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్, అట్ట మీద బ్యాండ్ పేరు గానీ ఆల్బమ్ పేరు గానీ లేనిది. నా రూల్ ప్రకారం ఇది ఇక్కడ ఉండకూడదు, ఎందుకంటే ‘స్టెయిర్‌వే టు హెవెన్’ని ప్రతిసారీ దాటేస్తాను, అది పాట తప్పు కాదు, విని విని అరగదీసేశాను అంతే. కానీ చివరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ ఉంది చూశారా, దాని కోసం ఏ రూలైనా పక్కన పెట్టొచ్చు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో, మెట్ల కింద హాల్లో జాన్ బోనమ్ డ్రమ్స్ పెట్టి, మైకులు పైన మెట్ల దగ్గర వేలాడదీసి రికార్డు చేశారు. అందుకే ఆ దెబ్బలు డ్రమ్ మీద పడ్డట్టుండవు, ఇల్లే ఊగుతున్నట్టుంటుంది. చిన్న ఫోన్ స్పీకర్లో విని ‘ఏముంది ఇందులో’ అనకండి, దయచేసి.

రెండోది బీటిల్స్ ‘అబ్బీ రోడ్’ (1969). అసలు మజా రికార్డు రెండో వైపు. సగంలో ఆగిపోయిన చిన్న చిన్న పాటలని ఒకదానికొకటి కుట్టేసి పావుగంట పాటు ఊపిరాడకుండా నడిపిస్తారు. ‘ది ఎండ్’లో రింగో డ్రమ్స్ సోలో అయ్యాక పాల్, జార్జ్, జాన్ ముగ్గురూ రెండేసి బార్ల (తాళం లెక్కలో చిన్న ముక్కల) చొప్పున వంతులేసుకుని గిటార్ వాయిస్తారు, ఎవరిది ఏదో పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఓ ఆట. ఒకప్పుడు నేను డబ్బులు కట్టి వాడిన ఒక మ్యూజిక్ యాప్ ప్రతి పాటకీ మధ్య అర సెకను ఖాళీ పెట్టేది, పాటలు కుట్టేసిన ఈ మెడ్లీలో ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ పళ్లు నూరుకునేవాణ్ణి, ఆ నెలే మానేశాను.

ఇక మొదటిది. పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యు వర్ హియర్’ (1975). ఐదే పాటలు. మొదటి పాటలో గొంతు వినపడాలంటే ఎనిమిది నిమిషాలు దాటాలి, అప్పటిదాకా కీబోర్డు మీద గిటార్ మెల్లగా పాకుతుంటుంది, ఆ నాలుగు స్వరాలు వచ్చేసరికి నేను చేస్తున్న పని ఆగిపోతుంది. మతి చెదిరి బ్యాండ్‌కి దూరమైన పాత మిత్రుడు సిడ్ బారెట్ మీద రాసిన పాట ఇది. ఆల్బమ్ రికార్డింగ్ జరుగుతుండగా ఆయనే స్టూడియోకి వచ్చాడు, గుండు, కనుబొమలు కూడా గీసేసుకుని, బాగా లావెక్కి. కాసేపటిదాకా ఎవరూ గుర్తుపట్టలేదట. ఇది తెలియకముందే నాకు ఈ ఆల్బమ్ ఇష్టం, తెలిశాక కొన్ని రోజులు వినలేకపోయాను. టైటిల్ పాట మొదట్లో గిటార్ పాత రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా ఉంటుంది, తర్వాత ఇంకో గిటార్ మన పక్కనే కూర్చుని దానితో కలిసి వాయిస్తున్నట్టు నిండుగా మొదలవుతుంది. దూరమైన మనిషి గురించి మాట ఒక్కటి లేకుండానే చెప్పేశారు అక్కడ.

మరి వీళ్లదే ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఏదీ అంటారా? చాలా ఇష్టమే, కానీ ‘మనీ’లో ఆ చిల్లర గలగల మొదలైందంటే చాలు, నా వేలు బటన్ మీద ఉంటుంది.