కొత్త సిరంజీలు ఇవ్వడమా, నాలుక కింద మాత్రా?

హెరాయిన్‌ను ఇంజెక్షన్‌గా తీసుకునేవాళ్లలో హెచ్ఐవీ పాకేది ఎక్కువగా ఒకరు వాడిన సిరంజీని ఇంకొకరు వాడటం వల్ల. 1989-90లో మణిపూర్‌లో చూస్తుండగానే ఇలా వ్యాపించింది. ఆపడానికి మన దేశంలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

ఒకటి, పాతవి తీసుకుని కొత్త సిరంజీలు, సూదులు ఉచితంగా ఇవ్వడం. మత్తు మానేస్తానని మాట ఇవ్వక్కర్లేదు కాబట్టి పోలీసులకు భయపడి దాక్కునేవాళ్లకు కూడా చేరుతుంది. "మీరే అలవాటు చేస్తున్నారు" అన్న తిట్లు మాత్రం తప్పవు! పైగా సిరంజీ కొత్తదైనా హెరాయిన్ కలిపే నీళ్లు, దూది పంచుకుంటే హెపటైటిస్-సి రావచ్చు.

రెండోది ఓఎస్‌టీ, అంటే హెరాయిన్‌కి బదులు డాక్టర్ల పర్యవేక్షణలో వేరే మందు ఇచ్చే చికిత్స. బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటారు, లేదా మెథడోన్ ద్రవం తాగుతారు. హెరాయిన్ ఆపితే వచ్చే ఒళ్లు నొప్పులు, వణుకు తగ్గుతాయి, ఇంజెక్షన్ మీద యావ తగ్గుతుంది, మనిషి పనిలో పడతాడు. హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఏఆర్‌టీ మందులు (హెచ్ఐవీని అదుపులో ఉంచేవి) మానకుండా వాడటానికీ ఇది సాయపడుతుంది. చిక్కల్లా, సాధారణంగా రోజూ సెంటర్‌కి రావాలి. కూలిపనికి వెళ్లేవాళ్లకు అదే టెన్షన్. ఓఎస్‌టీ హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకే (నల్లమందు తరహా మత్తుమందులకే) తప్ప మెథాంఫెటమిన్ అనే వేరే రకం మత్తుమందుకి పనిచేయదు.

ఒకచోట స్థిరంగా ఉండేవాళ్లకు నేనైతే ఓఎస్‌టీ అంటాను. ఊళ్లు తిరిగేవాళ్లకు ముందు సిరంజీ అందాలి.