పూసల క్రోమోసోమ్‌ల కిట్: ఆరేళ్లు వాడాక

ఇంటర్ బైపీసీ పిల్లలకు లింకేజీ (ఒకే క్రోమోసోమ్ మీదున్న జన్యువులు కలిసి సంక్రమించడం) పాఠం చెప్పడానికి, ఒకదాంట్లో ఒకటి బిగించే ప్లాస్టిక్ పూసల కిట్‌ని ఆరేళ్లుగా వాడుతున్నాను. ఎర్ర పూసల దండ ఒక క్రోమోసోమ్, పసుపుది దాని జత.

క్రాసింగ్ ఓవర్, అంటే జత క్రోమోసోమ్‌ల పోగులు ముక్కలు మార్చుకోవడం, చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు. బోర్డు మీద గీస్తే, క్రోమోసోమ్ మొత్తం ముక్కలు మార్చుకుంటుందని పిల్లలు అనుకుంటారు. పూసలు చేతిలో ఉంటే నాలుగు క్రొమాటిడ్లూ (ఒక్కో క్రోమోసోమ్‌లోని రెండేసి పోగులు) విడివిడిగా కనిపిస్తాయి. రెండు తెగి అతుక్కుంటాయి, మిగతా రెండూ ఎప్పటిలాగే ఉంటాయి. రికాంబినెంట్లు (జన్యువుల కొత్త కలయిక వచ్చిన సంతానం) 50 శాతం ఎందుకు దాటవో నేను చెప్పకముందే కొందరు పట్టేస్తారు.

రికాంబినెంట్ల శాతాన్నే దూరంగా తీసుకుని జన్యువుల వరస గీసే మ్యాప్ దగ్గరికొస్తే మాత్రం కిట్‌తో ఇచ్చిన పుస్తకం పనికిరాలేదు. దూరాలన్నీ 10, 20, 30. కూడితే అచ్చంగా సరిపోతాయి, ఇక పిల్లలు అడగడానికి ఏముంటుంది? దాన్ని పక్కనపెట్టి, జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ శిష్యుడు స్టర్టివాంట్ 1913లో ప్రచురించిన పండు ఈగల లెక్కలు ఇస్తున్నాను. 1911లో ఒక్క రాత్రిలో ఆ మ్యాప్ వేసేనాటికి ఆయనింకా డిగ్రీ విద్యార్థే. ఈ మాట చెప్పాక లెక్కలంటే టెన్షన్ పడే పిల్లలు కూడా పెన్ను తీస్తారు.

తెల్ల కన్ను, సిందూర కన్ను జన్యువుల మధ్య 1584 ఈగల్లో 471 రికాంబినెంట్లు, అంటే 29.7 శాతం. సిందూర కన్ను నుంచి ఎదగని రెక్కకు 405లో 109, అంటే 26.9. రెండూ కలిపితే 56.6. కానీ తెల్ల కన్ను నుంచి ఎదగని రెక్కకు నేరుగా లెక్కపెడితే 898లో 406, అంటే 45.2 మాత్రమే.

ఒకమ్మాయి రెండుసార్లు కూడి చూసి, "మేడమ్, మిగతా 11 ఎటు పోయింది?" అంది. పూసల్లోనే వెతకమన్నాను. సిందూర కన్ను పూసకి అటొకచోట, ఇటొకచోట విప్పి మార్చింది. మధ్యది పసుపైంది, రెండు చివర్లూ ఎరుపుగానే ఉన్నాయి. "చివర్లు మాత్రమే చూస్తే ఇది రికాంబినెంట్ల లెక్కలోకే రాదు కదా మేడమ్!" అంది. డబుల్ క్రాసోవర్ గురించి ఇక నేను చెప్పాల్సింది మిగల్లేదు. స్టర్టివాంట్ కూడా మ్యాప్‌లో ఆ రెంటి మధ్య 45.2 కాకుండా 56.6 దూరమే పెట్టాడు.

పూసల బొడిపెలు మూడో ఏడాదికే అరిగి వదులయ్యాయి. క్రొమాటిడ్లను కలిపి ఉంచే సెంట్రోమియర్ అయస్కాంతాలు ఊడిపోతే దారం కట్టుకుంటున్నాం. అరవైమంది క్లాసుకి ఒక్క కిట్ ఏ మూలకూ చాలదు, నలుగురికో సెట్ ఉండాలి. ఈ జూన్‌కి ఇంకో రెండు కొంటున్నాను.