దీపం వెలుగుతుంది, నీళ్లు వేడెక్కవు: ఆరేళ్లు వాడిన ఎస్ప్రెస్సో మెషీన్ గురించి

మా వంటింట్లో ఉన్న ఎస్ప్రెస్సో మెషీన్ ముందు భాగంలో ఒక చిన్న ఎర్ర దీపం ఉంది. అది వెలుగుతుంటే నీళ్లు వేడెక్కుతున్నాయనీ, ఆరిపోతే కాఫీ తీసుకోవచ్చనీ ఆరేళ్లుగా నమ్ముతూ వచ్చాను. మొన్నటి దసరా మరునాడు అదే దీపం నిక్షేపంగా వెలుగుతుండగా, అరగంట ఆగిన తరువాత కూడా, కప్పులోకి చల్లటి నీళ్లు దిగాయి. ఈ సమీక్ష చాలావరకు ఆ దీపం గురించే. మెషీన్ ఎన్ని బార్ల ఒత్తిడి ఇస్తుంది, కప్పులు పెట్టుకునే చోటు ఎంత అనే వివరాలు కొనేవారందరికీ ఎలాగూ తెలుస్తాయి కనుక వాటి జోలికి పోవడం లేదు.

2019 చివర్లో దీనిని కొన్నాను. ఒకే బాయిలర్ ఉన్న ఇటాలియన్ మెషీన్ ఇది, కాఫీకీ ఆవిరికీ ఆ బాయిలరే ఆధారం. తెర లేదు, సర్క్యూట్ బోర్డు లేదు, మూడు మీటలు, ఒక దీపం మాత్రమే ఉన్నాయి. కొన్న మొదటి ఏడాది అడిగిన వారందరికీ, అడగని వారికి కూడా, నేను చెప్పిన మాట ఒక్కటే: ఇందులో ఎలక్ట్రానిక్స్ లేవు, కాబట్టి పాడవడానికి ఏమీ లేదు. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. పాడయ్యే భాగాలు ఇందులో తక్కువే, కానీ ఏ భాగం పాడైందో చెప్పే ఏర్పాటు అసలు లేదు. ఉన్న ఒక్క దీపమూ చెప్పవలసిన సంగతి చెప్పదు.

దసరాకు కరీంనగర్ నుంచి మా అత్తవారి తరఫు బంధువులు వచ్చారు. ఇంట్లో మామూలుగా రోజుకు రెండు మూడు కప్పులే తయారవుతాయి. నాన్నగారు ఇప్పటికీ ఇత్తడి ఫిల్టర్‌లో దిగిన డికాషన్ తప్ప మరొకటి ముట్టరు. ఆ సాయంత్రం మాత్రం ఎనిమిది మందికి వరుసగా పాలు నురగ పట్టించాను. ఆవిరి మీట నొక్కి ఉంచి ఒక గిన్నె తరువాత మరొక గిన్నె పెడుతూ, దాదాపు పావుగంట ఆవిరి తీశాను. ఆ రాత్రి మెషీన్ కట్టేసి పడుకున్నాను. తెల్లవారి చూస్తే పైన చెప్పిన పరిస్థితి. పంపు చప్పుడు మామూలుగానే ఉంది, నీళ్లు మామూలుగానే వస్తున్నాయి, దీపం వెలుగుతోంది, చేయి పెడితే బాయిలర్ మీది లోహం మాత్రం రాయిలా చల్లగా ఉంది.

మొదట కరెంటు మీద అనుమానం కలిగింది. మా అపార్ట్‌మెంట్‌లో పండుగ రోజుల్లో వోల్టేజీ పడిపోవడం మామూలే. మీటరు పెట్టి చూస్తే 228 వోల్టులు ఉంది. తరువాత అడాప్టర్‌ను అనుమానించాను. ఈ మెషీన్ యూరప్ పద్ధతి ప్లగ్‌తో వస్తుంది, దానిని మన పవర్ ప్లగ్‌లో పెట్టడానికి నేను వాడుతున్నది బజారులో దొరికే చవక అడాప్టర్. 1,200 వాట్ల మెషీన్ అయిదు ఆంపియర్ల పైన కరెంటు తీసుకుంటుంది, వదులుగా ఉన్న అడాప్టర్ ఆ కరెంటుకు వేడెక్కి కరిగిన సందర్భాలు చూశాను. కానీ ఆ రోజు అడాప్టర్ కూడా చల్లగానే ఉంది. నిజానికి నేను అక్కడే ఆగి ఆలోచించి ఉండవలసింది. హీటర్ పనిచేస్తుంటే అంత కరెంటు ప్రవహించాలి, అడాప్టర్ కొద్దిగానైనా వెచ్చబడాలి. అది చల్లగా ఉందంటే హీటర్‌లో కరెంటు ప్రవహించడం లేదని అర్థం. ఆ ఊహ నాకు రెండు రోజుల తరువాత గాని తట్టలేదు.

అమ్మిన సంస్థ వారి సర్వీస్ కేంద్రానికి ఫోన్ చేశాను. వారంటీ ఎప్పుడో తీరిపోయింది. దీపం వెలుగుతున్నదని చెప్పగానే, థర్మోస్టాట్ (వేడిని బట్టి హీటర్‌కు కరెంటు ఇచ్చే, ఆపే భాగం) బాగుందనీ హీటర్ కాలిపోయిందనీ అవతలి వ్యక్తి నిర్ధారించేశారు. హీటర్ బాయిలర్‌తో కలిసి ఒకే భాగంగా వస్తుంది కాబట్టి మొత్తం బాయిలర్ మార్చాలనీ, పద్నాలుగు వేల రూపాయలు అవుతుందనీ, సరుకు రావడానికి ఆరు వారాలు పడుతుందనీ చెప్పారు. మెషీన్‌ను చూడకుండా, ఒక్క కొలత కూడా తీసుకోకుండా, ఆ దీపం సాక్ష్యం మీదే వచ్చిన తీర్పు అది. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

మా వీధి చివర మిక్సీలు, గ్రైండర్లు, గీజర్లు బాగుచేసే ఆయన ఒకరున్నారు. ఎస్ప్రెస్సో మెషీన్‌ను ఆయన అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన చేసిన పని ఎంత క్రమంగా ఉందంటే, ఇలాంటి ఇబ్బంది వచ్చిన వారికి పనికివస్తుందని పూర్తిగా రాస్తున్నాను. ముందు ప్లగ్ తీయించారు, ఆవిరి గొట్టం తెరిచి లోపల ఒత్తిడి ఏమీ మిగలలేదని చూసుకున్నారు. పై మూతకున్న నాలుగు స్క్రూలు విప్పి, ఒక్క వైరైనా ఊడదీయక ముందే నన్ను ఫోన్‌తో ఫొటోలు తీయమన్నారు. హీటర్ రెండు కొసలకూ ఉన్న వైర్లు లాగి మల్టీమీటర్ పెడితే 45 ఓములు చూపించింది. 230 వోల్టుల మీద 1,200 వాట్లు ఇచ్చే హీటర్‌కు లెక్క ప్రకారం 44 ఓములు రావాలి. అంటే పద్నాలుగు వేల రూపాయల బాయిలర్ నిక్షేపంగా ఉంది. హీటర్ కొసకూ బాయిలర్ లోహానికీ మధ్య కొలిస్తే ఏ రీడింగూ రాలేదు. మామూలు మీటరుతో చేసే ఈ పరీక్ష పూర్తి నమ్మకం ఇవ్వదు గాని, హీటర్‌లో లీకేజీ ఉంటే ఇంట్లో 30 మిల్లీఆంపియర్లకే పడిపోయే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఎప్పుడో పడిపోయి ఉండేది. మా ఇంట్లో అది పడలేదు.

ఆ తరువాత థర్మోస్టాట్లు చూశారు. చల్లగా ఉన్నప్పుడు కాఫీ థర్మోస్టాట్, ఆవిరి థర్మోస్టాట్ రెండూ కరెంటు పోయేలా కలిసే ఉండాలి, ఉన్నాయి. అప్పుడు వైర్ల వెంట వేలు పెట్టి నడిపిస్తూ, బాయిలర్‌కు ఆనించి రేకు క్లిప్ కింద బిగించి ఉన్న ఒక తెల్లటి తొడుగు దగ్గర ఆగారు. గాజు నారతో అల్లిన ఆ తొడుగును వెనక్కి జరిపితే లోపల వేలి గోరంత లోహపు ముక్క, దాని మీద 184 డిగ్రీలు, 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని అచ్చు వేసి ఉంది. మీటరు పెడితే కదలిక లేదు. "ఇది మన రైస్ కుక్కర్ల ఉండే ఫ్యూజే గద సార్" అన్నారు.

నిజంగా అదే. థర్మల్ ఫ్యూజు అనేది నిర్ణీత ఉష్ణోగ్రత దాటితే ఒక్కసారి తెగిపోయి మళ్లీ కలవని రక్షణ. థర్మోస్టాట్ చల్లబడితే తిరిగి కలుస్తుంది, ఇది కలవదు. ఇక దీపం కథ అక్కడే తేలిపోయింది. థర్మోస్టాట్ నుంచి వచ్చే వైరు రెండుగా చీలి, ఒక పాయ దీపానికీ మరొక పాయ ఫ్యూజు మీదుగా హీటర్‌కూ వెళుతోంది. కాబట్టి ఫ్యూజు తెగినా, హీటర్ కాలిపోయినా దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. థర్మోస్టాట్ వేడి కావాలని అడుగుతున్నదని మాత్రమే దాని భావం, వేడి పుడుతున్నదని కాదు. దీపాన్ని ఫ్యూజు తరువాత కలిపి ఉంటే, ఫ్యూజు తెగిన క్షణాన అది ఆరిపోయేది, చల్లని మెషీన్ మీద ఆరిన దీపాన్ని చూసిన ఎవరికైనా విషయం సగం అర్థమయ్యేది. ఒక్క వైరు ఎక్కడ కలపాలన్న శ్రద్ధ లోపించింది. అంత అందమైన ఉక్కు పనితనం చేసిన వారు ఇంత చిన్న సంగతి ఎందుకు పట్టించుకోలేదో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

ఫ్యూజు కోసం కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. అవే అంకెలు ఉన్నది ముప్పై రూపాయలకు దొరికింది, ముందుచూపుతో మూడు తెచ్చాను. ఎక్కువ డిగ్రీలది వేస్తే మళ్లీ తెగదు కదా అని దుకాణంలో ఒకరు సలహా ఇచ్చారు, దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. తీసేసి నేరుగా వైరు కలపడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే నీళ్లు లేని బాయిలర్‌ను ఆపే ఆఖరి అడ్డు అదే. నేను టంకం వేద్దామనుకుంటే మా మెకానిక్ వారించారు. తగరం, సీసం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దానిని కరిగించే సోల్డరింగ్ ఐరన్ మొన అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది, ఆ వేడికి కొత్త ఫ్యూజు అక్కడికక్కడే తెగిపోతుంది. చిన్న ఇత్తడి గొట్టాల్లో కొసలు దూర్చి పట్టకారుతో నొక్కి బిగించి, పాత తొడుగే ఎక్కించి, క్లిప్ కింద ముందున్నట్టే కూర్చోబెట్టారు. మెషీన్ పెట్టిన నాలుగు నిమిషాలకు దీపం ఆరింది. ఆయన రెండు వందలు తీసుకున్నారు, నా బలవంతం మీద ఒక కప్పు కాఫీ కూడా తాగారు.

ఫ్యూజు ఎందుకు తెగిందన్న ప్రశ్నకు జవాబు మాత్రం నా దగ్గరే ఉంది. ఈ రకం మెషీన్‌లో ఆవిరి తీస్తున్నంత సేపూ పంపు నడవదు, బాయిలర్‌లో ఉన్న నీళ్లే ఆవిరై పోతుంటాయి. ఎనిమిది మందికి వరుసగా పాలు కాచేసరికి లోపలి నీటి మట్టం పడిపోయి, హీటర్ పై భాగం నీటి నుంచి బయటపడి, మితిమీరి వేడెక్కింది. ఆవిరి తీసిన ప్రతిసారీ నీళ్ల మీట నొక్కి, చిటపటలు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా బాయిలర్ నింపాలని మాన్యువల్‌లో ఉంది. నేను రోజూ చేసేదే, ఆ సాయంత్రం హడావుడిలో చేయలేదు. కాబట్టి ఫ్యూజు తెగడంలో మెషీన్ తప్పు లేదు, అది తన పని తాను చేసింది. నా అభ్యంతరం ఆ తరువాత దీపం అబద్ధం చెప్పడం మీదే.

దీనితో పాటు నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మాకు వేసవిలో ట్యాంకర్ నీళ్లు వస్తాయి, వాటిలో సున్నం ఎక్కువ. హీటర్ మీద సున్నం పేరుకుంటే వేడి నీటికి చేరడం మందగించి లోపలి లోహం మరింత కాగుతుంది. నేను మూడు నెలలకొకసారి నిమ్మ ఉప్పు కలిపిన నీటితో కడుగుతాను. బాయిలర్ ఇత్తడిది కనుక దానికి ఇబ్బంది లేదు, అల్యూమినియం బాయిలర్ ఉన్నవారు తయారీదారు చెప్పిన మందే వాడడం మేలు. ఈ బెడద తప్పించుకోవడానికి ఒట్టి ఆర్‌వో నీళ్లు పోసే వారూ ఉన్నారు. నా మెషీన్‌కు అవి సరిపోతాయి. అయితే బెంగళూరులో ఉన్న నా మిత్రుడి పెద్ద మెషీన్ కూడా ఒకసారి ఇలాగే వేడెక్కడం మానేస్తే, కారణం ఆ నీళ్లే అని తేలింది. అందులో ట్యాంకు నీటి మట్టాన్ని విద్యుత్ ప్రసరణ ద్వారా పసిగట్టే కడ్డీ ఉంది. ఖనిజాలు బొత్తిగా లేని నీటిలో కరెంటు సరిగా ప్రసరించదు కాబట్టి, నిండు ట్యాంకును ఖాళీ అనుకుని మెషీన్ హీటర్‌ను ఆపేసింది. కొద్దిగా మామూలు నీళ్లు కలపగానే సర్దుకుంది. వేడెక్కడం లేదనగానే స్క్రూడ్రైవర్ తీసేముందు ఆ సంగతి కూడా చూసుకోవచ్చు.

ఇప్పుడు నేను దీపాన్ని చూసే పద్ధతి మారింది. వెలగడం చూడను, ఆరడం చూస్తాను. చల్లని మెషీన్ పెట్టాక నాలుగైదు నిమిషాల్లో ఆరకపోతే ఏదో తేడా ఉన్నట్టే, పది నిమిషాలు దాటితే వెంటనే కట్టేస్తాను. ఆరిన తరువాత కూడా ఆవిరి గొట్టాన్ని ఒక్క క్షణం తెరిచి చూస్తాను. కాఫీ తీసేది మాత్రం ఇరవై నిమిషాలు ఆగి, కాఫీ పొడి వేసే పిడిని బిగించే చోట లోహమంతా కాగిన తరువాతే. ఆ ఓపిక ఉంటే ఇందులో దిగే అరకు అరబికా రుచి నాకు బయట ఎక్కడా దొరకలేదు. నీటి వేడి కాస్త తగ్గినా అదే గింజ పుల్లబడుతుంది.

కొనమంటారా అని అడిగితే నేను తడుముకోకుండా చెప్పలేను. మా ఇంట్లో ఈ కాఫీ తాగేది ఇద్దరం, నడిచి వెళ్లే దూరంలో చేయి తిరిగిన మెకానిక్ ఉన్నారు, కోఠీ అందుబాటులో ఉంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పద్నాలుగు వేలు కట్టేవాడినో, మెషీన్‌ను అటక ఎక్కించేవాడినో. ఇంటికి తరచు నలుగురు వచ్చి పాల కాఫీలు అడిగేవారైతే ఒకే బాయిలర్ మెషీన్ వద్దనే చెబుతాను. వారంటీ ఇంకా ఉన్నవారు మూత విప్పకుండా కంపెనీ వారినే పిలిచి, బాయిలర్ మార్చాలని వారు చెబితే మాత్రం ముందు హీటర్ కొలత ఎన్ని ఓములు వచ్చిందో అడగండి.

మిగిలిన రెండు ఫ్యూజులనూ ఒక అగ్గిపెట్టెలో వేసి, కాఫీ గింజల డబ్బా పక్కనే పెట్టాను.