కర్నూలులో పాలిటీ తరగతులు: సైన్యంపై అధికారం ఎవరిది?

గ్రూప్స్ అభ్యర్థుల కోసం కర్నూలులోని ఒక కోచింగ్ కేంద్రం నడుపుతున్న పాలిటీ తరగతుల్లో రక్షణ దళాల పాఠం తక్కినవాటికంటే మెరుగ్గా ఉంది. రాజ్యాంగంలోని 53వ అధికరణం రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి అప్పగిస్తూనే దాని వినియోగం చట్టానికి లోబడి ఉండాలంటుందనీ, 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి కనుక అసలు నిర్ణయం ప్రధాని నాయకత్వంలోని మంత్రివర్గానిదేననీ అధ్యాపకులు రెండు అధికరణాలనూ పక్కపక్కన పెట్టి బోధించారు. 1950 నాటి సైనిక చట్టం, ఏటా రక్షణ పద్దుల ఆమోదం, 33వ అధికరణం కింద సైనికుల ప్రాథమిక హక్కులకు పరిమితులు విధించడం పార్లమెంటు పరిధిలోనివి. ఈ మూడింటినీ కలిపి చెప్పడం నాకు బాగా నచ్చింది (చాలా గైడ్లు రాష్ట్రపతి దగ్గరే ఆగిపోతాయి). 44వ సవరణ తర్వాత కేంద్ర మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందనిదే రాష్ట్రపతి జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించలేరన్న అంశాన్నీ వదలలేదు.

అచ్చు నోట్సు మాత్రం పాతబడింది. 2020లో మొదలైన త్రిదళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పదవి గురించి అందులో ఒక్క వాక్యమూ లేదు; ఆ అధికారికి మూడు దళాలపై నేరుగా సైనిక ఆదేశాధికారం లేదన్న కీలకాంశం తరగతిలో నోటిమాటగానే వచ్చింది. ఫీజు తగినంతే. నోట్సు విడిగా కొనకుండా తరగతులకు మాత్రమే చేరడం మేలు.